ఎర్రచుక్క

"లాగకండి, తిప్పండి," అంది నర్సమ్మ.

సబ్బు నురగలో కోడలి వేలు జారుతోంది గానీ ఉంగరం మాత్రం కణుపు దాటడం లేదు. ఎంత తుప్పుపట్టిన మరనైనా వదిలిస్తాడని పేరున్న చిన్నమేస్త్రి, భార్య చేతిని ఒళ్ళో పెట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. వేలు నిన్నటికన్నా లావైంది. నిన్న మొన్నటికన్నా లావుగా ఉంది.

"నొప్పిగా ఉందా?"

"వేలు కాదు, తల. ఆ తలుపు వేయండి, వెలుతురు పొడుస్తోంది," అంది కోడలు కళ్ళు తెరవకుండానే.

పట్టపగలు పదకొండు గంటలకు ముందుగది తలుపు మూశారు. ఎనిమిదో నెల కడుపుతో కోడలు బల్ల మీద ఒక పక్కకు ఒరిగి పడుకుంది. పాదాలు ఎంత ఉబ్బాయంటే చీలమండలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. ముఖం కూడా నీరు పట్టి, ఎవరో వేరే మనిషి ముఖంలా ఉంది.

నర్సమ్మ కోడలి మోచేతి పైన కట్టిన పట్టీ విప్పింది. "బీపీ రెండోసారి చూశాను. పైది నూట అరవై నాలుగు, కిందిది నూట పన్నెండు. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. భోజనాలయ్యాక కాదు, సాయంత్రం కాదు. ఇప్పుడే."

ఇంటికీ వర్క్‌షాపుకీ మధ్య గుమ్మంలో మేస్త్రి నిలబడి ఉన్నాడు. చేతిలో నూనె గుడ్డ, చెవి మీద పెన్సిల్. బాయిలర్లకూ కంప్రెసర్లకూ బిగించే ప్రెషర్ గేజీలు తప్పు చూపిస్తే, చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నీ వాటిని మోసుకొచ్చేది ఆయన దగ్గరికే. నలభై ఏళ్ళ పని. ఊరంతా గేజీల మేస్త్రి అంటుంది. ఆయన సరే అన్న గేజీని ఇన్‌స్పెక్టరు కూడా మళ్ళీ చూడడని చెప్పుకుంటారు. ఎక్కువ చెప్పుకునేది ఆయనే అనుకోండి.

"నర్సమ్మా, నీ మిషన్ ఆఖరిసారి ఎప్పుడు సరిచేయించావు?" అన్నాడు మేస్త్రి.

"అది హెల్త్ సెంటర్ వాళ్ళు చూసుకుంటారు."

"ఎవరు? ఎవరు చూస్తారు? రోజుకు పది గడపలు తిప్పుతావు, సంచిలో కూరగాయలతో పాటు పడేస్తావు. అది చెప్పిన అంకె పట్టుకుని ఇంట్లో వాళ్ళని హడలగొడతావు." ఆయన గోడవైపు చెయ్యి చాపాడు. "ఆ పుస్తకం తేవే."

ఆ పిలుపు భార్యకి, అంటే కోడలి అత్తగారికి. ఆవిడ అప్పటికే పుస్తకం చేత్తో పట్టుకునే ఉంది. నల్ల అట్ట, మధ్యలో గీత గీసిన పేజీలు, ఒక పక్క పొద్దున, ఒక పక్క సాయంత్రం. ఎనిమిది వారాలుగా ఒక్క పూట తప్పకుండా కోడలి చేతికి పట్టీ కట్టి, చెవుల్లో గొట్టం పెట్టుకుని, ముల్లు చూసి రాసింది ఆవిడే.

"చదువు. ఇవాళ పొద్దున ఎంత?"

"నూట ఇరవై ఆరు. కిందిది ఎనభై ఆరు."

"నిన్న?"

"నూట ఇరవై నాలుగు."

"విన్నావుగా నర్సమ్మా," అన్నాడు మేస్త్రి, తగువు తీర్చేసినట్టు. "నేను నా చేత్తో విప్పి, శుభ్రం చేసి, సరిచేసిన మిషన్. ముల్లు సున్నా మీద నిలబడితే వెంట్రుకవాసి కదలదు. వచ్చి చూసుకో."

నర్సమ్మ చూసుకోలేదు. సంచిలోంచి ఒక చిన్న కాగితప్పట్టీ తీసి అందరికీ కనిపించేలా ఎత్తింది. "ఇది ఆ అమ్మాయి మూత్రంలో ముంచాను. పసుపుగా ఉండాల్సింది, ప్రొటీన్ పోతుండడంతో ముదురాకుపచ్చ అయింది. దీనికి ముల్లు లేదు మేస్త్రిగారూ, మర కూడా లేదు."

"రంగు కాగితాలతో వైద్యం చేస్తారా?"

"పోయినసారి సెంటర్‌కి వచ్చినప్పుడు నూట యాభై ఉంది. రెండు రోజుల్లో మళ్ళీ రమ్మన్నాను. ఇది ఆరో వారం. ఎందుకు తీసుకురాలేదు?"

ఎందుకు తీసుకురాలేదో అందరికీ తెలుసు. మెట్లెక్కిన ఆయాసానికీ, తెల్లకోటు చూసిన భయానికీ పెరిగిందని మేస్త్రి ఆ రోజే తేల్చేశాడు. ఇంటికొచ్చి చూస్తే నూట పదిహేనే ఉంది. ఇంట్లో మిషన్ ఉండగా పడుతూ లేస్తూ అంత దూరం వెళ్ళడం దండగన్నాడు. ఆయన మాట కొడుకు చిన్నమేస్త్రి ఏనాడూ జవదాటలేదు.

కోడలు కళ్ళు తెరిచింది. "మామయ్యా, మీ మిషన్‌కి నేను బాగానే ఉన్నాను. నాకే బాగాలేదు."

అంత కంగారులోనూ ఆ మాటకి నర్సమ్మ పెదవి నవ్వుతో వంకర తిరిగింది. మేస్త్రి ముఖం మాత్రం మాడిపోయింది.

"నాన్నా, ఒకసారి తీసుకెళ్ళి చూపిస్తే పోయేదేముంది?" అన్నాడు కొడుకు మెల్లిగా.

"పోయేదేముందా? వెళ్ళగానే పడుకోబెడతారు, కడుపు కోస్తారు. ఎనిమిదో నెలలో పిల్లని బయటికి తీసి అద్దాలపెట్టెలో పెడతారు. అదంతా దేనికి? పాడైపోయిన మిషన్ చెప్పిన అంకెకి!" మేస్త్రి నూనె గుడ్డని భుజాన వేసుకుని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "ఇదిగో, నాకు కట్టు నర్సమ్మా. నాది నూట ఇరవై. ఫ్యాక్టరీలో చేరేటప్పుడు కంపెనీ డాక్టరు చూసి, గుర్రంలా ఉన్నావు పో అన్నాడు. ఆనాటి నుంచి జ్వరానికి కూడా మాత్ర మింగని ఒళ్ళు ఇది. నీ మిషన్ నాకెంత చూపిస్తుందో చూద్దాం."

"మీకు చూసే టైం కాదిది."

"కట్టమంటున్నానా!"

నర్సమ్మ పళ్ళు కొరుక్కుంటూ కట్టింది. రబ్బరు బంతి నొక్కింది. గదిలో గాలి బుసబుస తప్ప ఇంకో చప్పుడు లేదు. ముల్లు పైకెక్కి, నెమ్మదిగా దిగింది.

"నూట యాభై ఆరు," అంది నర్సమ్మ.

మేస్త్రి తొడ చరుచుకుని నవ్వాడు. "చూశారా! నాకే నూట యాభై ఆరంటోంది! గోడకి కట్టినా అంతే చూపిస్తుంది అది. ముప్పై ఆరు ఎక్కువ చూపించే మిషన్ పట్టుకుని ఊరి మీద పడ్డావమ్మా తల్లీ!"

కొడుకు ముఖం తేటపడింది. బరువు దింపుకున్నట్టు ఊపిరి వదిలాడు కూడా. నర్సమ్మ తన మిషన్ వైపు అనుమానంగా చూసుకుంది, ఒక్క క్షణమే, కానీ చూసుకుంది.

అత్తగారు మాత్రం భర్త చేతికున్న పట్టీ వైపే చూసింది.

ఆవిడకి ఇంటి మిషన్ సరిచేసిన రోజు గుర్తొచ్చింది. మిషన్ కావాలని పట్టుబట్టిందీ ఆవిడే. ఆవిడ చెల్లెలు మొదటి కాన్పులో ఇలాగే కాళ్ళు ఉబ్బి, తలనొప్పి తలనొప్పి అంటూ ఫిట్స్ వచ్చి చనిపోయింది. నీళ్ళ బరువు, అంతే అని అప్పట్లో ఇంట్లో అందరూ కొట్టిపారేశారు. కోడలి విషయంలో అలా జరగకూడదని ఆవిడ పోరు పెడితే, మేస్త్రి ఎక్కడో పాత మిషన్ ఒకటి తెచ్చి బల్ల మీద విప్పాడు. లోపల స్ప్రింగు మార్చాడు. ఆ తర్వాత తన చేతికే పట్టీ కట్టుకుని, "గొట్టం చెవుల్లో పెట్టుకో, కొట్టుకోవడం వినిపించగానే ముల్లు ఎక్కడుందో చెప్పు," అన్నాడు.

నూట యాభై ఐదు దగ్గర వినిపించిందని చెప్పింది ఆవిడ.

"ఎక్కువ చూపిస్తోంది," అని లోపలి మర కొంచెం తిప్పాడు. మళ్ళీ కట్టుకున్నాడు. నూట నలభై. మళ్ళీ తిప్పాడు. నూట ముప్పై. అలా ఐదారుసార్లు తిప్పాక నూట ఇరవై దగ్గర వినిపించింది. అప్పుడు సంతోషించి వెనక మూత బిగించి, షాపులో ప్రతి గేజీకీ చేసినట్టే మర తల మీద ఎర్రరంగు చుక్క పెట్టాడు. చుక్క పగిలితే ఎవరో చెయ్యి పెట్టినట్టు లెక్క. అది ఆయన షాపు ముద్ర.

అప్పుడే ఆవిడకి మనసులో ఏదో కలుక్కుమంది. నలభై ఏళ్ళ పనివాడికి నేను చెప్పేదేముందిలే అనుకుని ఊరుకుంది. ఊరుకోవడం ఆవిడకి కొత్త కాదు.

"ఏమండీ," అంది అత్తగారు.

"ఏంటి?"

"షాపులో గేజి సరిచేసేటప్పుడు పక్కన మాస్టర్ గేజి పెడతారు కదా. దాన్ని చూసి దీన్ని తిప్పుతారు."

"అవును. ఇప్పుడెందుకది?"

"మరి ఆ మిషన్‌కి పక్కన ఏం పెట్టారు?"

మేస్త్రి నవ్వు సగంలో ఆగింది.

"మీ చెయ్యి పెట్టారు," అంది ఆవిడ. "మీది నూట ఇరవయ్యే అనుకుని, నూట ఇరవై చూపించేదాకా మర తిప్పారు. మీది నూట ఇరవై కాదండీ. ఎన్నేళ్ళ నుంచి కాదో ఎవరికి తెలుసు? ఆ డాక్టరు చూసింది మీ పాతికేళ్ళ వయసులో. నర్సమ్మ మిషన్ సరిగ్గానే ఉంది. మీకే బీపీ ఉంది. మీ బీపీనే మాస్టర్ గేజి చేసి, ఆ కొలతతో ఈ పిల్లని కొలిచాం ఇన్నాళ్ళూ."

"నోర్ముయ్."

"నేనే విన్నాను, ముల్లు ఎక్కడుందో చెప్పింది నేనే. మొదటిసారి నూట యాభై ఐదు అన్నానా లేదా?"

"నోర్ముయ్ అన్నానా! మరా మేకూ తేడా తెలియనిదానివి, నువ్వు నాకు గేజి గురించి చెబుతావా?"

కొడుకు తల్లి వంకా తండ్రి వంకా మార్చి మార్చి చూశాడు. పదిహేనేళ్ళ నుంచి తండ్రి దగ్గర పని నేర్చినవాడు. మాస్టర్ గేజి తప్పయితే దాన్ని చూసి సరిచేసిన వందా తప్పేనని వాడికి చెప్పింది ఆ తండ్రే. వాడు సబ్బు చెయ్యి తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

"బండి తియ్యరా," అంది ఆవిడ.

అప్పుడే కోడలు లేచి కూర్చోబోయి, డొక్కలో కుడివైపు పట్టుకుని వంగిపోయింది. "కళ్ళ ముందు నిప్పురవ్వలు... అత్తయ్యా, మీరెక్కడున్నారు?"

"ఇక్కడే ఉన్నానమ్మా."

"కనిపించడం లేదు."

చిన్నమేస్త్రి ఇంక ఎవరినీ అడగలేదు. షాపు సామాన్లు మోసే బండి తీశాడు. పరుపు వేసి, కోడల్ని ఎడమవైపుకి ఒత్తిగిల్లేలా పడుకోబెట్టి, నర్సమ్మ ఆమె పక్కనే కూర్చుంది. అత్తగారు పుస్తకం చంకలో పెట్టుకుని ఎక్కింది. మేస్త్రి కుర్చీలోంచి లేవలేదు. మడిచిన చొక్కా చెయ్యి దింపుకోలేదు. బండి వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ వెనక్కి చూసింది, ఆయన గుమ్మంలోకి రాలేదు.

* * *

ఆసుపత్రిలో ఎవరూ అరవలేదు. అదే ఎక్కువ భయపెట్టింది. కోడల్ని చక్రాల మంచం మీదకి మార్చారు, చేతికి సూది గుచ్చారు, ఫిట్స్ రాకుండా మందు ఎక్కిస్తున్నామన్నారు. చిన్న కత్తెరలాంటి దానితో ఉంగరం కత్తిరించి, రెండు ముక్కలూ కాగితంలో చుట్టి చిన్నమేస్త్రి చేతికిచ్చారు. వాడు దాన్ని జేబులో పెట్టుకుని, ప్రతి రెండు నిమిషాలకూ జేబు తడుముకుంటున్నాడు.

డాక్టరమ్మ బయటికొచ్చింది. అలసిపోయిన మనిషి, మాట మాత్రం పదును.

"ఎప్పటి నుంచి ఉంది ఈ బీపీ?"

అత్తగారు పుస్తకం తెరిచింది. జరిగింది చెప్పింది, ఒక్క ముక్క దాచకుండా. డాక్టరమ్మ వింటూ ఒకసారి కళ్ళు మూసుకుంది.

"అంటే ఇందులో ఉన్న పై అంకెలకి ముప్పైకి పైనే కలుపుకోవాలి. నూట ఎనిమిది రాసిన రోజుకే నూట నలభై ఉన్నట్టు. ఆ రోజే మందు మొదలుపెట్టాలి. ఎప్పుడుంది నూట ఎనిమిది?"

అత్తగారు పేజీలు తిప్పింది. వేలు ఆగింది. "ఏడు వారాల కింద."

"ఏడు వారాలు." డాక్టరమ్మ ఆ మాటని గట్టిగా కూడా అనలేదు. "బిడ్డ నెలలకి తగ్గ బరువు లేదు. తల్లి మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. ముందు బీపీ కాస్త అదుపులోకి తేవాలి, తర్వాత బిడ్డని బయటికి తీయాలి. ఇద్దరికీ ప్రమాదమే. ఇప్పుడే ఏమీ చెప్పలేను."

డాక్టరమ్మ నర్సమ్మని వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అత్తగారు బల్ల మీద కూర్చుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, ప్రతి అంకె పక్కనా మనసులోనే ముప్పై కలుపుకుంటూ పోయింది. నూట పద్నాలుగు. ఆ రోజు కోడలు కాళ్ళు బరువుగా ఉన్నాయంటే, కాస్త నడువమ్మా అంది తను. నూట పద్దెనిమిది. ఆ రోజు తలనొప్పంటే, కూర్చుని కూర్చుని వస్తుందిలే అంది. చెల్లెలికి అందరూ చెప్పిన మాటలే, అక్షరం మార్చకుండా తనూ చెప్పింది, పైగా చేతిలో పుస్తకం పెట్టుకుని మరీ చెప్పింది.

"నాన్న మర తిప్పిన రోజే నువ్వెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు కొడుకు, ఎదురుగోడకి ఆనుకుని.

"చెబితే వినేవాడివా?"

వాడు అబద్ధం చెప్పలేదు. "వినేవాణ్ణి కాదు."

"అందుకే చెప్పలేదు అనను. చెప్పాల్సింది."

మధ్యాహ్నం రెండు దాటాక మేస్త్రి వచ్చాడు. తలదువ్వుకుని ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చేతిలో మిషన్ పెట్టె. కోడలు ఎలా ఉందని అడుగుతాడేమోనని అత్తగారు చూసింది. ఆయన నేరుగా డ్యూటీ నర్సు బల్ల దగ్గరికి వెళ్ళి పెట్టె తెరిచాడు.

"అమ్మా, ఇది మా ఇంటి మిషన్. దీని మీద నింద వేశారు. నా చేతికే మీదీ కట్టండి, ఇదీ కట్టండి. తేడా ఉంటే అడగండి."

ఆ నర్సుకి తీరిక లేదు గానీ, ఆ గొంతుకి జడిసో, వదిలించుకుందామనో కట్టింది. ఆసుపత్రి మిషన్‌లో నూట అరవై. ఇంటి మిషన్‌లోనూ నూట అరవై.

"రెండూ ఒకటే చూపిస్తున్నాయి," అంది నర్సు. "కానీ మీకు బీపీ చాలా ఎక్కువుంది పెద్దాయనా, మీరు కూడా..."

"నా సంగతి తర్వాత." మేస్త్రి కొడుకు వైపు తిరిగాడు. "విన్నావా? మిషన్ బాగానే ఉంది. తప్పు మిషన్‌ది కాదు. వినడంలో తప్పు. మీ అమ్మకి చెవులు సరిగ్గా వినపడవు. ఎప్పుడు పిలిచినా రెండోసారికి గానీ పలకదు, నీకు తెలుసుగా. మొదటి దెబ్బ వినపడక ముల్లు దిగిపోయాక వినేది. దిగాక రాస్తే తక్కువ రాక ఏమవుతుంది?"

నలభై ఏళ్ళ కాపురంలో ఆయన ఎన్నో అన్నాడు. చేతకానిదన్నాడు, తెలివితక్కువదన్నాడు. కోడలి ప్రాణం మీదికి తెచ్చినదని అనడం మాత్రం ఇదే మొదలు. మొదటి పిలుపుకి ఎందుకు పలకదో ఆయనకి ఎన్నడూ తట్టలేదు. ఆ సంగతి ఇప్పుడు చెప్పే ఓపిక ఆవిడకి లేదు.

"అమ్మా," అన్నాడు కొడుకు. వాడి గొంతులో అడగలేని ప్రశ్న ఉంది, అయినా అడిగాడు. "నిజం చెప్పు. ఒకవేళ... నువ్వే తప్పు విన్నావా?"

తండ్రి అన్న మాటకన్నా అది లోతుగా దిగింది.

ఆవిడ లేచి వెళ్ళి పెట్టెలోంచి మిషన్ చేతిలోకి తీసుకుంది. రోజుకు రెండుసార్లు పట్టుకున్న వస్తువు. దాని బరువు, గీతలు, అంచు మీద చిన్న సొట్ట, అన్నీ తెలుసు. వెనక్కి తిప్పింది. మూత మర మీద ఎర్రచుక్క ఉంది. ఎనిమిది వారాలుగా ఆవిడ బొటనవేలు ఆనే చోటు అది, వెలిసిపోయి, దుమ్ము పట్టి, ఎండిన చుక్క.

ఇది నిగనిగలాడుతోంది.

ఆవిడ వేలితో తాకింది. వేలికి ఎర్రగా అంటుకుంది.

"చూడు," అని కొడుకు ముందు ఆ వేలు చాపింది.

వాడు చూశాడు. షాపులో చుక్క పెట్టాక పూట గడిస్తే గానీ ఆరదని, ఆరేదాకా గేజీని ముట్టుకోవద్దని పనివాళ్ళకి రోజూ చెప్పేది వాడే. చూపు వేలి మీద నుంచి తండ్రి ముఖం మీదికి వెళ్ళింది.

"ఇవాళ విప్పారా నాన్నా?"

"దుమ్ము పట్టింది, తుడిచాను."

"దుమ్ము తుడవడానికి వెనక మూత విప్పుతారా?"

మేస్త్రి పెట్టె మూత వేయబోయాడు.

"మేం బండిలో వెళ్ళాక విప్పారు. నా భార్య ప్రాణాల మీదికొస్తే, మీరు బల్ల దగ్గర కూర్చుని మర తిప్పారు. షాపులో ఇంకో మంచి బీపీ మిషన్ కూడా లేదు. దేన్ని చూసి తిప్పారు? నర్సమ్మ అంకె గుర్తుపెట్టుకుని, మళ్ళీ మీ చేతికే కట్టుకున్నారా?"

"ఒరేయ్, నలభై ఏళ్ళ పేరురా నాది." గొంతు మొదటిసారి కిందికి దిగింది. "మేస్త్రి పెట్టిన మిషన్ వల్ల ఇలా అయిందంటే ఎవడైనా ఇంకో గేజి మన గడప తొక్కనిస్తాడా? నీ అన్నం కూడా దాంట్లోంచే వస్తుంది. మీ అమ్మది పొరపాటంటే ఏమవుతుంది? ఇంట్లో విషయం, ఇంట్లోనే పోతుంది."

"ఇంట్లోనే పోతుంది," అంది అత్తగారు. ఆ మాట ఆవిడ నోట్లో చేదుగా తిరిగింది. "అవును. ఏది పోయినా ఇంట్లోనే పోవాలి."

లోపల ఏదో లోహపు వస్తువు నేల మీద పడింది. పరుగు చప్పుడు. ఎవరో డాక్టరమ్మ పేరు పెట్టి గట్టిగా పిలిచారు. తలుపు తెరుచుకుని నర్సు కాగితం, పెన్ను పట్టుకుని వచ్చింది.

"ఫిట్స్ వచ్చాయి. ఆపాం, కానీ ఆగలేం, ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నాం. సంతకం ఎవరు పెడతారు?"

మేస్త్రి చెయ్యి ముందుకొచ్చింది. ఆ ఇంట్లో ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేది ఆయనే. చెయ్యి అలవాటు కొద్దీ వచ్చింది, అంతే.

"ముట్టుకోకండి నాన్నా," అన్నాడు కొడుకు. అరవలేదు. షాపులో తడి రంగు దగ్గర చెప్పే గొంతుతోనే చెప్పాడు. "మీరు చెయ్యి పెట్టకండి."

కాగితం తీసుకుని, గోడకి ఆనించి సంతకం పెట్టి, లోపల్నించి తోసుకొచ్చిన మంచం వెనకాలే పరుగెత్తాడు. మంచం మీద కోడలి ముఖం ఒక్క క్షణం కనిపించింది. పెదవి కొరుక్కుని రక్తం వచ్చింది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గానీ ఎవరినీ చూడటం లేదు. నడవా చివర తలుపు వాళ్ళ వెనక మూసుకుంది.

బల్ల మీద ఇద్దరు మిగిలారు. ఈ చివర ఆవిడ, ఆ చివర ఆయన, మధ్యలో మిషన్ పెట్టె.

ఏడుపు కోసం ఆవిడ చాలాసేపు చెవులు రిక్కించింది. చెవులు వినపడవన్న మనిషి పక్కనే కూర్చుని, చక్రాల చప్పుడు, నీళ్ళ చప్పుడు, దూరంగా ఎవరి దగ్గో, అన్నీ విన్నది. బిడ్డ ఏడుపు ఒక్కటే లేదు.

ఆవిడ పుస్తకం తెరిచింది. గీత గీసిన కొత్త పేజీలో, సాయంత్రం వైపు, తేదీ వేసింది. ఎనిమిది వారాలుగా అందులో అంకెలు తప్ప అక్షరం రాసింది లేదు. ఇవాళ రాసింది. కుదురుగా, నిదానంగా, రెండు వరుసలు.

"ఏం రాస్తున్నావు?" అన్నాడు మేస్త్రి.

ఆవిడ రాస్తూనే ఉంది.

"ఏం రాస్తున్నావే?"

రెండోసారికి పలికింది. "మొదటిసారి మీ చేతికి కట్టినప్పుడు నూట యాభై ఐదు వినిపించింది అని. ఇవాళ మిషన్ విప్పారు, చుక్క తడిగా ఉంది అని." ఎర్రరంగు అంటిన వేలిని ఆ వరుస పక్కన అద్దింది. "ఇదీ మీ షాపు ముద్రే కదా."

"చించెయ్ ఆ పేజీ."

ఆవిడ పుస్తకం మూసింది. ఆయన పెట్టె మూత తీస్తూ వేస్తూ ఉన్నాడు. కోపానికో, భయానికో, ఒంట్లో ఇన్నేళ్ళూ పట్టించుకోని ఆ నూట అరవైకో ఆవిడకి తెలియలేదు. ఒక క్షణం జాలి కూడా వేసింది. జాలి వేసినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

తలుపు తెరుచుకుంది. నర్సు బయటికి వచ్చింది. చేతుల్లో బిడ్డ లేదు. ముఖం చూసి ఏమీ పోల్చుకోవడానికి లేదు.

"అమ్మా, ఆ బీపీ పుస్తకం ఇలా ఇవ్వండి, త్వరగా. ఎప్పటి నుంచి ఎంతుందో మత్తు డాక్టరు చూడాలంటున్నారు."

అత్తగారు లేచి పుస్తకం చాపింది. అది నర్సు చేతిదాకా వెళ్ళలేదు. పక్క నుంచి మేస్త్రి చెయ్యి వచ్చి పుస్తకం అంచు పట్టుకుంది.

"ఒక్క నిమిషం," అన్నాడాయన, నర్సుతో, మర్యాదగా. "ఒక్క పేజీ తీసి ఇస్తాం."

ఆయన లాగాడు. ఈసారి ఆవిడ వదల్లేదు.